పదిహేనేళ్ల వ్యాగన్ ఆర్‌ను స్క్రాప్‌కి ఇచ్చాం: ఎంత పట్టింది, ఎంత వచ్చింది

2010 మార్చిలో కొన్న పెట్రోల్ వ్యాగన్ ఆర్. ఏపీ 28 నంబరు. 2025 మార్చికి పదిహేనేళ్లు నిండి ఆర్సీ గడువు అయిపోయింది. రెన్యువల్ చేయించడమా, అమ్మేయడమా, ప్రభుత్వ పథకం కింద స్క్రాప్‌కి ఇచ్చి కొత్త కారు మీద రాయితీ తీసుకోవడమా అని లెక్కలు వేసి చివరికి స్క్రాప్‌కే ఇచ్చాం. మే నెలలో మొదలైన పని అక్టోబరులో కొత్త బండికి టీజీ నంబరు వచ్చాక గానీ తెమల్లేదు. హైదరాబాద్‌లో ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు, రూపాయలతో సహా రాస్తున్నాను.

ముందు రెన్యువల్ సంగతి. ప్రైవేటు కారుకు పదిహేనేళ్ల తర్వాత ఆర్సీని ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ 1కి ముందు దీని ఫీజు 600 రూపాయలు, ఇప్పుడు 5,000. గడువు దాటిన ప్రతి నెలకూ 500 ఆలస్య రుసుము, దాని మీద గ్రీన్ ట్యాక్స్. ఇరవై ఏళ్లు దాటిన కార్లకైతే 2025 ఆగస్టులో ఈ ఫీజును 10,000 చేశారు. ఇంతవరకూ కట్టేయొచ్చు. అసలు ఖర్చంతా బండిని ఫిట్‌నెస్‌కి సిద్ధం చేయడంలోనే ఉంది. లిఫ్ట్ మీదికి ఎత్తి చూస్తే డ్రైవర్ కాళ్ల కింద ఫ్లోర్ షీట్ తుప్పు తినేసి ఉంది, స్క్రూడ్రైవర్‌తో నొక్కితే లోపలికి దిగిపోతోంది. స్టీరింగ్ ర్యాక్ వదులైపోయింది. వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ కారుతున్నాయి. ఫ్లోర్ వెల్డింగ్, ర్యాక్, షాకులు, నాలుగు టైర్లు కలిపి 46 వేలు అన్నాడు మెకానిక్. పనిచేయని ఏసీ కంప్రెసర్ ఈ లెక్కలో లేదు. "అన్నా, దీని మీద ఇంక పైసలు పెట్టకు. ఇంజన్ నడుస్తది, కానీ బాడీ పోయింది. ఇప్పుడు వెల్డింగ్ కొట్టినా రెండు వానాకాలాలు దాటితే మళ్లీ ఇదే లొల్లి" అని తేల్చేశాడు. ఇంజన్, గేర్‌బాక్స్ పోతే మార్చుకోవచ్చు. ఫ్లోరు, చాసిస్ పట్టీలు తుప్పు పడితే ఆ కారు మీద పెట్టే డబ్బుకు అంతు ఉండదు. మీ బండి విషయంలో కూడా ముందు ఇదొక్కటి చూపించుకోండి. మిగతా నిర్ణయాలన్నీ దీన్ని బట్టే ఉంటాయి.

కొత్త కారు షోరూమ్‌లో ఎక్స్‌ఛేంజ్‌కి అడిగితే, ఆర్సీ గడువు దాటింది, కింద తుప్పు ఉంది అని 25,000 చెప్పారు, ఎక్స్‌ఛేంజ్ బోనస్ ఇంకో 15,000. అదే మోడల్ బండి, ఆర్సీ రెన్యువలై, కింద శుభ్రంగా ఉంటే 90 వేల దాకా పలుకుతుందని సెకండ్‌హ్యాండ్ డీలరే చెప్పాడు. బండి ఆరోగ్యంగా ఉంటే స్క్రాప్ మాటే ఎత్తక్కర్లేదన్నమాట.

మామూలు స్క్రాప్ షాపుకు వెళితే 32 వేలు, అదీ నగదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాప్ కేంద్రాలు ఇచ్చేదానికి ఇది దాదాపు రెట్టింపు. ఎందుకంటే వాళ్లు బండిని ఇనుము లెక్కన చూడరు. డోర్లు, హెడ్‌లైట్లు, గేర్‌బాక్స్, సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ అన్నీ విడివిడిగా పోతాయి. కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కాబట్టి దానికొక్కదానికే వేరే బేరం. అయితే ఈ దారిలో ఆర్సీ రద్దు కాదు. కాగితాల మీద బండి మన పేరునే బతికుంటుంది. మన చాసిస్ ప్లేటు కోసి ఇంకో దొంగ బండికి అతికిస్తే పోలీసులు వచ్చేది మన ఇంటికే. ఆ షాపువాడు ఆర్సీ ఒరిజినల్ కూడా ఇమ్మన్నాడు. అది వినగానే ఆ 32 వేల మీద ఆశ పోయింది.

జూన్ మొదటి వారంలో కాగితాల పని మొదలుపెట్టాను. స్క్రాప్ కేంద్రం బండిని తీసుకోవాలంటే దాని మీద లోన్ ఉండకూడదు, చలానా బాకీలు ఉండకూడదు, దొంగతనం కేసు గానీ బ్లాక్‌లిస్ట్ గానీ ఉండకూడదు. చలానాలు సులువు. 1,035 రూపాయలవి రెండు, 235ది ఒకటి, ఆన్‌లైన్‌లో 2,305 కట్టేస్తే రెండు రోజుల్లో పోయాయి. నెలంతా తినేసింది హైపోథికేషన్ (హెచ్‌పీ), అంటే లోన్ ఇచ్చిన బ్యాంకు పేరు ఆర్సీ మీద ఉండటం. లోన్ 2014లోనే తీరిపోయింది. కానీ ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. పాత కార్లలో సగానికి సగం ఇలాగే ఉంటాయని ఆర్టీఏ ఆఫీసు బయట ఫారాలు నింపే ఆయన చెప్పాడు. మాకు లోన్ ఇచ్చిన బ్యాంకు 2020లో ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. పాత బ్రాంచి లేదు, లోన్ నంబరు కొత్త సిస్టంలో కనపడలేదు. పాత పాస్‌బుక్‌లో చివరి వాయిదా కట్టిన పేజీ ఉండబట్టి సరిపోయింది. దాన్ని పట్టుకుని వాళ్లు పై ఆఫీసుకు రాసి, బాకీ లేదన్న ఎన్‌ఓసీ, ఆర్సీలో బ్యాంకు పేరు తీసేయడానికి కావాల్సిన ఫారం 35 ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత ఆర్టీఏలో స్లాట్, ఫీజు, ఆర్సీలో హెచ్‌పీ తీసేయడానికి ఇంకో పది రోజులు. లోన్ తీరిపోయిన కారు ఇంట్లో ఉంటే స్క్రాప్ ఆలోచన ఉన్నా లేకపోయినా ఈ పని ఇవాళే చేయించుకోండి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కాగితం దొరకడం కష్టమవుతుంది.

ఆర్సీ గడువు దాటిపోయింది కదా, ముందు రెన్యువల్ చేయించాలేమో అని భయపడ్డాం. అక్కర్లేదు. స్క్రాప్‌కి ఇచ్చే బండికి ఫిట్‌నెస్ కూడా అడగరు.

అప్పుడే, జులై 1 నుంచి ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లకు బంకుల్లో ఇంధనం పోయొద్దని ఆదేశం వచ్చింది, రెండు మూడు రోజుల్లోనే వెనక్కి తగ్గారు. దాన్ని చూపించి ఇక్కడ కొందరు బ్రోకర్లు "తొందరపడండి, మన దగ్గరా వస్తోంది" అని ఫోన్లు చేశారు. అప్పట్లో ఢిల్లీలో ఉన్నది కోర్టు ఆదేశాల వల్ల వచ్చిన వయసు నిబంధన. తెలంగాణలో ప్రైవేటు కారు స్క్రాప్ పూర్తిగా స్వచ్ఛందం. ఫిట్‌నెస్ పాసైతే ఇరవై ఏళ్ల బండి కూడా దర్జాగా నడుపుకోవచ్చు. భయంతో బండి వదిలేసుకోకండి.

గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రాల జాబితా పరివాహన్ సైట్‌లో వీ-స్క్రాప్ పేజీలో ఉంటుంది. ఎంత ఇస్తారని మూడు చోట్ల అడిగితే మూడు రకాల జవాబులు. ఒకరు కిలోకి 24 అన్నారు, ఒకరు 30, ఒకరు ఏకంగా ఇంత అని గంపగుత్త. సహజంగా 30 దగ్గరికే వెళతాం. బండి 850 కిలోలుంటే 25,500 వస్తాయి కదా అనుకుంటాం. కానీ వాళ్లు మొత్తం బరువుకు కట్టరు. "సార్, మేం ఇచ్చేది ఇనుముకు. అద్దాలు, సీట్లు, ప్లాస్టిక్, రబ్బరు తీసేస్తే 70 శాతం మిగుల్తుంది" అన్నాడు సూపర్‌వైజర్. 850లో 70 శాతం 595 కిలోలు, ముప్పై చొప్పున 17,850. అందులో టోయింగ్‌కి 2,400 తీసేస్తే 15,450. కిలోకి 24 అన్నవాళ్లు మొత్తం బరువుకు ఇచ్చి, టోయింగ్ ఉచితంగా చేసి ఉంటే 20,400 అయ్యేది. వాళ్లది కూడా కోతల తర్వాత లెక్క అడిగితే 14 వేల లోపే తేలింది. ఫోన్‌లో రేటు అడగొద్దు. "ఎంత శాతం బరువుకు, టోయింగ్ ఎవరిది, బ్యాటరీ లేకపోతే ఎంత తగ్గిస్తారు, చివరికి నా ఖాతాలో పడేది ఎంత" అని అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. మేం అడిగిన ముగ్గురిలో రాసిచ్చింది ముప్పై అన్నవాళ్లే, వాళ్లకే ఇచ్చాం.

ఒరిజినల్ ఆర్సీ, ఆధార్, పాన్, క్యాన్సిల్ చేసిన చెక్కు, బండి మీద కేసులూ బాకీలూ లేవని సంతకం చేసిన హామీ పత్రం తీసుకుని ఆన్‌లైన్ దరఖాస్తు వాళ్లే పెట్టారు. ఇక్కడ ఒక అడ్డంకి వచ్చింది. తెలంగాణ చాలాకాలం కేంద్ర ప్రభుత్వ బండ్ల రికార్డు అయిన వాహన్ డేటాబేస్‌లో చేరకుండా సొంత సిస్టంతో నడిచింది. పాత ఏపీ నంబర్ల రికార్డు ఉమ్మడి రాష్ట్రం నాటిది. అప్పట్లో ఎవరో టైపు చేసిందే ఇవాళ్టికీ ఉంటుంది. మా రికార్డులో చాసిస్ నంబరులో ఒక అంకె 8కి బదులు 3 అని పడింది. ఆర్సీ కార్డు మీద సరిగ్గానే ఉంది, కంప్యూటర్‌లో తప్పు. స్క్రాప్ కేంద్రంవాళ్లు బానెట్ ఎత్తి, నంబరు కొట్టిన చోట మట్టి, తుప్పు కిరోసిన్ గుడ్డతో తుడిచి, సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, మీద పల్చటి టేపు అంటించి పెన్సిల్‌తో గీకారు. అంకెలు ఒక్కొక్కటే పైకి తేలుతుంటే ఆ తప్పు పడిన అంకె దగ్గర ఊపిరి బిగబట్టి చూశాను. రెండు గుండ్రాలు పూర్తిగా కలిసి స్పష్టంగా 8. ఆ టేపు ముక్క ఆర్సీ కాపీ మీద అంటించి ఆర్టీఏలో ఇస్తే రికార్డు సరిచేయడానికి మరో వారం పైనే పట్టింది. టోయింగ్ వ్యాను పిలిచే ముందే మీ ఆర్సీ, ఆన్‌లైన్ రికార్డు, బండి మీద కొట్టిన నంబరు మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. యజమాని పేరు ఆధార్‌లో ఎలా ఉందో కూడా. ఇంటిపేరు ముందా వెనకా అన్న దగ్గర కూడా దరఖాస్తులు తిరిగొస్తాయట.

జులై చివరి వారంలో బండి తీసుకెళ్లారు. ట్యాంకులో పెట్రోలు వెనక్కి రాదు, కాబట్టి రెండు లీటర్లకు మించి ఉంచకండి. మ్యూజిక్ సిస్టం, సీటు కవర్లు తీసుకోవచ్చు. బ్యాటరీ తీస్తే 1,500 తగ్గిస్తామన్నారు. మాది ఏడాది కిందటి బ్యాటరీ, తీసి పాత సామాన్ల షాపులో ఇస్తే 1,500 కూడా రాదని అలాగే వదిలేశాం. డ్యాష్‌బోర్డు అరలో పాత టోల్ రసీదులు, పిల్లల పెన్సిళ్లు, ఎప్పుడో పోయిందనుకున్న తాళం చెవి. అవన్నీ ఏరుకుంటున్నప్పుడు మనసు బరువెక్కింది, దాచుకోవడం ఎందుకు. పదిహేనేళ్లు ఎండకూ వానకూ మమ్మల్ని మోసిన బండి.

కేంద్రంలో మొదట నంబరు ప్లేట్లు విప్పేస్తారు. తర్వాత ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, ఏసీ గ్యాసు విడివిడిగా లాగేస్తారు. మామూలు షాపుల్లో ఇవన్నీ నేల మీదికే పోతాయి. అధికారిక కేంద్రం వల్ల ఊరికి జరిగే నిజమైన మేలు ఏదైనా ఉంటే అది ఇదేనని నా నమ్మకం. చాసిస్ నంబరున్న ముక్కను కోసి పక్కన భద్రపరుస్తారు. ఆ కోత ఫొటో అడిగి తీసుకోండి, తర్వాత పనికొస్తుంది.

బండి చేరిన నాలుగో రోజు ఖాతాలో 15,450 పడ్డాయి. డిపాజిట్ సర్టిఫికెట్, అందరూ సీడీ అంటారు, మరో రెండు రోజులకు వచ్చింది. కొత్త బండికి రాయితీలు తెచ్చేది ఈ కాగితమే. ఇది ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇంకొకరికి అమ్ముకోవడానికి కూడా వీలుంది. దీని తర్వాత రావాల్సింది స్క్రాపింగ్ సర్టిఫికెట్, అంటే బండిని పూర్తిగా ముక్కలు చేశాం అన్న పత్రం. చాలామంది సీడీ రాగానే పని అయిపోయిందనుకుంటారు. రెండో పత్రం వచ్చి, ఆర్సీ రద్దయినట్టు ఆన్‌లైన్‌లో కనపడేదాకా బండి మన పేరు మీదే ఉన్నట్టు. మాకు దీనికి దాదాపు నాలుగు వారాలు పట్టింది. బండి చేతిలో లేదు, పేరు మాత్రం మనదే. ఆ నెలంతా చలానా సైటు రోజూ తెరిచి చూసుకున్నాం.

ఆగస్టులో కొత్త కారు బుక్ చేద్దామనుకుంటుండగా జీఎస్టీ తగ్గిస్తారన్న ప్రకటన వచ్చింది. ఆగాం. సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్లకు సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18 అయింది. మేం చూసిన కారు ఎక్స్-షోరూమ్ 7.87 లక్షల నుంచి 7.20కి దిగింది, 67 వేలు తగ్గింది. ధర తగ్గితే దాని మీద కట్టే లైఫ్ ట్యాక్స్ కూడా తగ్గుతుంది, అదింకో తొమ్మిది వేల చిల్లర. స్క్రాప్ కోసం మూడు నెలలు తిరిగితే వచ్చిన దానికన్నా ఇది ఎక్కువ. దీనికి ఒక్క సంతకం కూడా పెట్టలేదు.

షోరూమ్‌లో ముందే తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఎక్స్‌ఛేంజ్ బోనస్, స్క్రాప్ డిస్కౌంట్ రెండూ కలిపి ఇవ్వరు. ఏదో ఒకటే. 2024 ఆగస్టులో చాలా కార్ల కంపెనీలు కలిసి ప్రకటించినది కూడా ఇదే షరతుతో: ఎక్స్-షోరూమ్ ధరలో 1.5 శాతం లేదా 20,000, ఏది తక్కువైతే అది, పాత బండి గడిచిన ఆరు నెలల్లో స్క్రాప్ అయి ఉండాలి. ఆ ప్రకటన ఏడాదికే. ఇప్పుడు ఏ నెలకు ఆ నెల మోడల్‌ను బట్టి మారుతోంది. మాకు 1.5 శాతం లెక్కనే 10,800 ఇచ్చారు. స్క్రాప్‌కీ కొనుగోలుకీ మధ్య ఆరు నెలలు దాటనివ్వకండి.

రెండోది లైఫ్ ట్యాక్స్. కేంద్ర ప్రభుత్వం ప్రైవేటు బండ్లకు 25 శాతం వరకు మినహాయింపు ఇవ్వొచ్చని రాష్ట్రాలకు 2021లో చెప్పింది. తెలంగాణ 2024 అక్టోబరులో శాతంగా కాకుండా ధరను బట్టి మెట్లు పెట్టింది. ఐదు నుంచి పది లక్షల కారుకు 20,000. మా కారుకు 14 శాతం చొప్పున లైఫ్ ట్యాక్స్ 1,00,800, అందులో 20,000 పోగా 80,800 కట్టాం. పాతదీ కొత్తదీ ఒకే రకం బండి కావాలి. స్కూటర్ స్క్రాప్ చేసి కారుకు వాడుకోవడం కుదరదు. మన దగ్గర లైఫ్ ట్యాక్స్ టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) తీసేటప్పుడే డీలర్ కట్టేస్తాడు కాబట్టి సీడీ నంబరు అంతకుముందే ఎక్కాలి. మా డీలర్ దగ్గర రిజిస్ట్రేషన్ చూసే అబ్బాయికి అదే మొదటి సీడీ. "ముందు ఫుల్ ట్యాక్స్ కట్టేద్దాం సార్, తర్వాత రీఫండ్ పెడదాం" అన్నాడు. ఒప్పుకోలేదు. ఆర్టీఏలో కనుక్కుని రమ్మని డెలివరీ నాలుగు రోజులు వెనక్కి జరిపించాం. పన్ను కట్టేశాక రీఫండ్ అంటే ఎప్పటికి వస్తుందో ఎవరూ రాసివ్వరు. ఇంకోటి, ప్రకటనల్లో కనపడే "రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ" చూసి మురిసిపోకండి. కొత్త కారు రిజిస్ట్రేషన్ ఫీజు 600 రూపాయలు, మాఫీ అయ్యేది అంతే.

మొత్తం కలిపితే 15,450, 20,000, 10,800, 600. అంటే 46,850. అవే ఎక్స్‌ఛేంజ్‌లో అయితే 40,000. ఆరు వేల పైచిలుకు తేడా, అందులో చలానాలు, హెచ్‌పీ ఖర్చులు ఎలాగూ ఏ దారిలోనైనా ఉండేవే. తుప్పు పట్టిన మా బండికి స్క్రాప్ గెలిచింది. 90 వేలు పలికే బండికి ఇదే లెక్క వేస్తే రాయితీ దరిదాపులకు కూడా రాదు. పైగా 46,850లో 31,400 కొత్త కారు కొంటేనే వచ్చేవి. పాత బండి ఇచ్చేసి ఇంకో సెకండ్‌హ్యాండ్ కారో, స్కూటరో కొనుక్కునేవాళ్ల చేతికి వచ్చేది ఇనుము డబ్బు 15 వేలు, ఎవరైనా కొంటే సీడీ ధర. పాత బండ్లను ఎక్కువ రోజులు, ఎక్కువ దూరం నడిపేది వాళ్లే. పొగ తగ్గించడం కోసమే ఈ పథకం అయితే డబ్బు వాళ్ల వైపు వెళ్లాలి, మాలాంటి కొత్త కారు కొనేవాళ్ల వైపు కాదు. మా వ్యాగన్ ఆర్ ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరిగేది కాదు, దాన్ని తీసేస్తే గాలికి ఒరిగింది చాలా తక్కువ. 2009లో అమెరికా ప్రభుత్వం ఇలాంటి పథకం పెట్టి బండికి 3,500 లేదా 4,500 డాలర్లు ఇచ్చింది, దాదాపు 6.8 లక్షల బండ్లు వచ్చాయి. అది కూడా కొత్త కారు కొన్నవాళ్లకే. ఎలాగూ కొనేవాళ్లు కొన్ని నెలలు ముందు కొన్నారంతే అన్న విమర్శ అక్కడ ఇప్పటికీ ఉంది. ఇక్కడ అంత డబ్బు కూడా లేదు. మన దగ్గర ఈ పథకంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఆర్సీ శుభ్రంగా రద్దవడం, నూనెలూ బ్యాటరీలూ నేలపాలు కాకపోవడం. బండి నిజంగా చచ్చిపోయిన దశలో ఉంటే ఆ రెండింటి కోసమే ఇవ్వొచ్చు.

చివరగా చిన్న పనులు రెండు. ఫాస్టాగ్‌ను బ్యాంకు యాప్‌లో మూసేస్తే డిపాజిట్ వెనక్కి వస్తుంది, స్టిక్కర్ మాత్రం బండి ఇచ్చే ముందే చించేయాలి. ఇన్సూరెన్స్ విషయంలో, మాది థర్డ్ పార్టీ మాత్రమే కాబట్టి పెద్దగా పోయేదేమీ లేదు. మీది కాంప్రహెన్సివ్ అయి, క్లెయిములు లేకుండా ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) కూడబెట్టి ఉంటే, స్క్రాపింగ్ సర్టిఫికెట్ కాపీ పెట్టి కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకోండి. అది మూడేళ్లు చెల్లుతుంది, కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గిస్తుంది. పాలసీ గడువు అయిపోయి 90 రోజులు దాటితే ఆ బోనస్ పోతుంది, కాబట్టి బండి స్క్రాప్‌కి వెళ్లిన నెలలోనే అడిగేయండి.